టైరు ఒకపక్కే అరగడం వల్ల కలుగు లాభాలు

మోటార్‌సైకిల్ టైరు రెండు పక్కలా సమానంగా అరగడం సమాజానికి మంచిది కాదు!

అవునండీ, ఆవేశపడకండి. సమానంగా అరిగిన టైరు వల్ల ఎవరికేం ఒరిగిందో చెప్పండి? అరుగుతుంది, మారుస్తారు, మర్చిపోతారు. అందులో చర్చ లేదు, అనుమానం లేదు, ఆలోచన లేదు. అదే టైరు ఒకపక్క గుండు, ఒకపక్క క్రాపుగా అరిగిందనుకోండి. మనిషిలో నిద్రపోతున్న శాస్త్రజ్ఞుడు లేచి కూర్చుంటాడు. ఇంట్లో మాటలు పెరుగుతాయి. ఊళ్లో ఒకరి టైరుని ఒకరు వంగి చూస్తారు. ఎవరి సెల్‌ఫోన్‌లో వాళ్లు తల దూర్చుకునే ఈ కాలంలో మనుషుల్ని ఇంత దగ్గర చేసే వస్తువు ఇంకొకటి ఉంటే చూపించండి!

నమ్మకం కుదరనివాళ్ల కోసం దేవీప్రసాద్ సంగతి చెప్పాలి.

దేవీప్రసాద్‌ది తుమ్మపాల దాటి లోపలికి పోతే వచ్చే ఒక చెరకు ఊరు. ఉద్యోగం పరవాడలో, మందుల కంపెనీలో. భార్య పావని అనకాపల్లిలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. రోజూ పొద్దున్నే ఇద్దరూ ఒకే బండి మీద టౌనుకి వస్తారు. ఆవిడ ల్యాబు దగ్గర దిగుతుంది. ఆయన బండి అక్కడే పెట్టి కంపెనీ బస్సెక్కుతాడు. సాయంత్రం ఆవిడ ఆటోలో ముందే ఇల్లు చేరుతుంది. ఆయన వచ్చేసరికి ఇంట్లో కుక్కరు కూత, టీవీ మోత, చుట్టాల ఫోన్లు. కాబట్టి ఆ మొగుడూ పెళ్లాలు తీరిగ్గా మాట్లాడుకునేది పొద్దుటి బండి మీదే.

ఆవిడ రెండు కాళ్లూ ఎడమపక్కకి వేసి కూర్చుని, ఆయన హెల్మెట్‌కి నోరు ఆనించి, సూది చూసి కళ్లు తిరిగి పడిపోయిన పహిల్వాన్ల కథలన్నీ చెప్పేది. ఆయన లోపల్లోపల నవ్వుకుంటూ నడిపేవాడు. అది సుఖమని అప్పటికి ఆయనకి తెలీదు పాపం.

ఒకరోజు ట్రాక్టరు జారవిడిచిన చెరకు ఆకుల మీద బండి వెనక చక్రం జర్రున జారింది. మనుషులు పడలేదు గాని, టిఫిన్ క్యారేజీ పడింది. దేవీప్రసాద్ పావనిని ల్యాబు దగ్గర దింపి, బండిని హిదాయతుల్లా టైర్ల కొట్టుకి తోలుకెళ్లాడు. హిదాయతుల్లా చక్రం తిప్పి, బొటనవేలితో రుద్ది, ఊరికే ఒక మాట అడిగాడు.

“కుడిపక్క మొత్తం పోయింది బావా. ఎడంపక్క సూత్తే కొత్తదే. ఎనకాల ఎవరు కూకుంటారేటి?”

అంతే! దేవీప్రసాద్‌కి జ్ఞానోదయం అయిపోయింది. పావని ఎడమపక్కకి కూర్చుంటుంది. బరువు ఎడమకి లాగుతుంది. బండి పడకుండా ఉండాలంటే తాను కుడికి ఒరగాలి. ఒరిగితే ఏ పక్క అరుగుతుంది? కుడిపక్కే! చదివిన బీఎస్సీ ఇన్నాళ్లకి పనికొచ్చిందని ఆయన పొంగిపోయాడు.

ఇంత జ్ఞానం కలిగితే తెలివైనవాడు ఏం చేస్తాడు? కడుపులో దాచుకుంటాడు. దేవీప్రసాద్ దాన్ని ఆ సాయంత్రమే వంటింట్లోకి తీసుకెళ్లాడు.

“టైరు ఎందుకు అరిగిందో తెలిసిపోయింది పావనీ. నువ్వు ఎడంపక్కకి కూకుంటావు కదా, నిన్ను నిలబెట్టడానికి నేను రోజూ కుడికి వొంగాలి. అదీ సంగతి.”

పావని చేతిలో గరిటె ఆగింది. “అంటే, నా బరువు మొయ్యలేక వొంగిపోతన్నారన్నమాట.”

“బరువని నేనన్నానేటి? లోడ్ అంటారు దాన్ని.”

అయ్యా, ఫిజిక్సు చదవండి. మంచిదే. కాని గరిటె పట్టుకున్న భార్య ముందు ‘లోడ్’ అనే పదం వాడకండి.

మర్నాడు పొద్దున్న పావని చీర కుచ్చిళ్లు సర్దుకుని, బండి పక్కనుంచి నడుచుకుంటూ పోయి ఆటో ఎక్కింది. ఆ మర్నాడూ అంతే. దేవీప్రసాద్ ఒక్కడే ఆ రోడ్డు మీద పోతూ, హెల్మెట్‌లో తన ఊపిరి తానే వింటూ, ఎవరి సూది కథా లేకుండా టౌను చేరేవాడు. ఒకరోజు వంతెన దగ్గర అలవాటు చొప్పున “తర్వాతేటయింది?” అని అడిగి, వెనక ఎవరూ లేరని గుర్తొచ్చి, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ మళ్లీ బండెక్కితే చాలు, ఆయనకి ఇంకేమీ వద్దు.

తప్పయిపోయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! శాస్త్రం వల్ల వచ్చిన గొడవని శాస్త్రంతోనే తీర్చాలని ఆయన పట్టుదల. ఎడమపక్క పావని ఉంటే కుడిపక్క ఇంకో బరువు ఉండాలి. అప్పుడు ఎవరూ ఎటూ ఒరగక్కర్లేదు. అనకాపల్లివాడికి బరువు కావాలంటే చెయ్యి దేని మీదకి పోతుంది? బెల్లం దిమ్మ మీదకే పోతుంది!

గోనెలో చుట్టి దిమ్మని బండికి కుడిపక్క కట్టాడు. ట్రయల్ చూసి, బ్యాలెన్స్ కుదిరాక పావనిని సగౌరవంగా పిలుద్దామని ప్లాను. ప్లాను మంచిదే. కాని బెల్లం కనబడితే గిల్లి నోట్లో వేసుకోకుండా పోయే మనిషి అనకాపల్లిలో పుట్టాడా? టీకొట్టు దగ్గర ఒకాయన గోనె తొలగించి గిల్లాడు, రంగు బాగుందన్నాడు. మార్కెట్ గేటు దగ్గర ఇంకొకాయన గిల్లి, ఉప్పు తగిలిందన్నాడు. అది విని మూడో ఆయన, ఉప్పో కాదో తేల్చడానికి రెండుసార్లు గిల్లాడు. టౌను దాటేసరికి దిమ్మ చెక్కిన పెన్సిల్ అయింది, బ్యాలెన్స్ గాల్లో కలిసింది. మిగిలిన ముక్క సాయంత్రం వానకి కరిగి సైలెన్సర్ మీద కారి పాకమైంది. బండి వెనక ఈగలు, ఈగల వెనక మేకలు, మేకల వెనక వాటి యజమాని.

చూశారా, టైరు సమానంగా అరిగేవాడికి ఈ ఊరేగింపు దక్కుతుందా?

పక్కింటి చిన్నమ్మ ఆపి అడిగింది. “ఏటి బాబూ, నిలువెత్తు బెల్లం మొక్కుకున్నావేటి?”

“మొక్కు కాదు చిన్నమ్మా, పావనికి సరితూకం!” అన్నాడు ఆయన ఉత్సాహంగా. ఆ మాట ఆయన కంటే ముందే ఇంటికి చేరింది.

“నాకు సరితూకం దిమ్మా?” అంది పావని. “ఒక్కటి సాలిందేటి?”

ఇక మిగిలింది కొత్త టైరు. పాతదానితో తిరిగితే ఈసారి క్యారేజీతో పోదు కదా. ఆదివారం దేవీప్రసాద్ హిదాయతుల్లా కొట్లో కూర్చున్నాడు. టైరు కొనడమంటే మాటలా? పెళ్లిచూపుల కంటే కష్టం. పంక్చరు కోసం వచ్చినవాడు నిలువు గీతల టైరు కొనమన్నాడు. గాలి కోసం వచ్చినవాడు గళ్ల టైరు కొనమన్నాడు. మెత్తని రబ్బరు పట్టు బాగుంటుందని ఒకడు, గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుందని ఇంకొకడు. కొట్లో నీడకి నిలబడ్డ పెద్దాయన, ఆయనకి బండే లేదు, ట్యూబ్‌లెస్సు తప్ప ఇంకోటి కొంటే మొహం చూడనన్నాడు. దేవీప్రసాద్ ఒక్కో టైరునీ నొక్కాడు, వాసన చూశాడు, యూట్యూబ్‌లో దొరగారు చెప్పింది విన్నాడు. ఆఖరికి పాత టైరునే తిప్పి ఎక్కిస్తే ఎడమపక్క కుడికి వస్తుంది కదా అని ఒక మహత్తర ఆలోచన చేశాడు.

“టైరు మీద బాణం గుర్తు సూసేవా బావా? తిప్పెక్కిత్తే అది ఎనక్కి సూపిత్తాది. వానలో నువ్వు కూడా ఎనక్కే పోతావు,” అన్నాడు హిదాయతుల్లా.

చివరికి లోతు గీతలున్న మంచి టైరే ఎక్కించుకుని, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పావనిని పిలిచాడు. ఆవిడ వచ్చింది. టైరుని నిదానంగా చూసింది.

“కొత్తది కదా. నేనెక్కితే అరిగిపోద్ది,” అని ఆటో ఎక్కింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట ఓడిపోయిన దేవీప్రసాద్ రచ్చ మీద పడ్డాడు. బెల్లం గురించి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ తన సిద్ధాంతం వివరించాడు. ఊరు శ్రద్ధగా విన్నది. విన్న ఊరు ఊరుకుంటుందా? పొద్దున్న లేస్తే ఒకరి టైరు ఒకరు చూడ్డమే పని! భార్య పోయి ఏళ్లయిన రిటైర్డ్ పోస్టుమాస్టరుగారి మోపెడ్‌కి కుడిపక్క అరిగి ఉంది. అమ్మో, ఈ వయసులోనా! బ్రహ్మచారి డ్రిల్లు మాస్టారి బండికీ కుడిపక్కే. హవ్వ! చెరకు నరుకుడు మొదలయ్యేనాటికి ఊళ్లో సచ్ఛీలురన్నవాళ్లు మిగల్లేదు.

అప్పుడు పేలింది అసలు బాంబు. బుల్లమ్మ కొడుకు మోహిత్‌కి మాకవరపాలెం సంబంధం కుదిరింది. పిల్ల తరఫువాళ్లు తాంబూలాలకి వచ్చి, వాకిట్లో బండి చూసి, ఎవరో చెవిన వేసిన శాస్త్రం గుర్తొచ్చి, వంగి టైరు చూశారు. కుడిపక్క గుండు! తాంబూలం పళ్లెం వెనక్కి వెళ్లిపోయింది.

బుల్లమ్మ కొడుకుని చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ దేవీప్రసాద్ వాకిట్లోకి వచ్చింది. వెనక సగం ఊరు.

“ఓలమ్మ పావనీ, సూడే నీ మొగుడు సేసిన పని! మా గుంటడి ఎనకాల ఎవుర్తి కూకుందో సెప్పమంతన్నారు. నానేటి సెప్పనే?”

“నా ఎనకాల యూరియా బస్తా తప్ప ఎవరూ కూకోలేదు వదినా!” అని మోహిత్ ఏడుపు మొహం పెట్టాడు.

పావని బయటికి వచ్చింది. మోహిత్ బండి చూసింది. తర్వాత తిన్నగా మొగుడి బండి దగ్గరికి వెళ్లి, కొబ్బరికాయ కొట్టించుకున్న ఆ టైరు ముందు కూర్చుని, వేలు పెట్టి రాసి చూసింది. కుడిపక్క గీతలు మాసిపోతున్నాయి.

“ఏవండీ,” అంది అందరూ వినేలా, “అప్పటినుంచీ నేను ఆటోలోనే ఎల్తన్నాను కదా. మీ ఎనకాల ఎవరు కూకున్నారు?”

సగం ఊరు దేవీప్రసాద్ వైపు తిరిగింది. ఆయన బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. సిద్ధాంతం నిజమైతే తాను చెడ్డవాడు, తాను మంచివాడైతే సిద్ధాంతం అబద్ధం. ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడికీ రాకూడని కష్టం!

“ఎవరూ లేరు!” అని అరిచాడు చివరికి. “శాస్త్రమే తప్పు! మోహిత్ తప్పు కాదు, నీ తప్పు అసలే కాదు. తప్పు నాది. నువ్వు లేకుండా ఆ రోడ్డు మీద పోలేకపోతన్నాను పావనీ.”

ఊరంతా ఉండగా ఆ మాట అన్నందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పావని మొహం మెత్తబడింది గాని, వెంటనే బయటపడలేదు.

“టైరు కాదు, రోడ్డు సూడండి,” అంది.

అందరూ రోడ్డు వైపు చూశారు. ఎన్నాళ్లనుంచో దాని మీదే తిరుగుతున్నా, చూడ్డం మాత్రం అదే మొదలు. తారు లారీ వచ్చినప్పుడల్లా నడిమధ్యన ఒక పొర పోసి పోతారు. అంచుల జోలికి పోరు. పొర మీద పొర పడి రోడ్డు బోర్లించిన పడవలా తయారైంది. నడుమ మిట్ట మీద చెరకు ట్రాక్టర్లు పోతాయి. మిగతా జనం పోయేటప్పుడూ ఎడమ వాలులోనే, వచ్చేటప్పుడూ ఎడమ వాలులోనే. నేల ఎడమకి వాలితే బండి నిటారుగా నిలవడానికి టైరు కుడి చెంప మీదే నడవాలి. దానికి పెళ్లాం అక్కర్లేదు, యూరియా బస్తా చాలు.

ఇప్పుడు చెప్పండి, టైరు ఒకపక్క అరగడం వరం కాదూ? వరమే! ఎవరికంటే, ఆ రోడ్డు వేసి బిల్లు తీసుకున్నవాడికి. భార్య బరువుని అనుమానించాం, పోస్టుమాస్టరుగారి శీలాన్ని అనుమానించాం, కుర్రాడి పెళ్లి చెడగొట్టాం. అంత వంగి వంగి టైర్లు చూసినవాళ్లం, టైరుకి ఆనుకునే ఉన్న రోడ్డుని ఒక్కరం చూడలేదు. ఇంట్లోవాళ్లని అనడం తేలిక. అర్జీ పెట్టక్కర్లేదు, ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న దేవీప్రసాద్ బండి తుడుస్తుంటే పావని వచ్చి, ఎప్పటిలాగే ఎడమపక్కకి రెండు కాళ్లూ వేసి వెనకాల కూర్చుంది. ఆయనకి గుండె నిండిపోయింది.

“ల్యాబుకేనా?” అని అడిగాడు.

“కాదు. ముందు ఆ రోడ్ల ఆఫీసుకి పోనివ్వండి. బుల్లమ్మత్తా వాళ్లూ ఆటోలో వత్తన్నారు. అక్కడ నేనే మాటాడతాను, మీరు నోరెత్తొద్దు.”

“నేను మాటాడితే ఏటి?”

“ఆఫీసరు రోడ్డు మీద ‘లోడ్’ ఎక్కువైందని రెండు ఇంగ్లీషు ముక్కలు మాటాడితే సాలు, మీరు తలూపేసి, నన్ను బండి దిగి నడవమంటారు.”