చిన్నక్కకు ఎనిమిది ప్రాణబిందువులు

మనిషి ఎవరో, మృగం ఏదో తేల్చి చెప్పే అధికారం అశ్వారావుపేట మొత్తంలో ఒకే ఒక్క సంస్థకు ఉంది. అది బైక్ మెకానిక్ షాపు మేడమీద ఆదివారం మధ్యాహ్నాలు కొలువుదీరే అరణ్య సాహస క్రీడా సంఘం.

ఆట చాలా తేలిక. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ఎంచుకోవాలి. నా పాత్ర ఏం చేస్తుందో నేను చెబుతాను, అది సాగిందో లేదో పాచిక చెబుతుంది. మిగతాదంతా పుస్తకాలు చెబుతాయి. పాత్రల గ్రంథం, ప్రదేశాల గ్రంథం, శత్రు గ్రంథం. (మూడూ ఏసీ గదుల్లో కూర్చుని అడవి మీద రాసినవే. అందుకే చాలా నిష్పక్షపాతంగా ఉంటాయి.) వీటన్నిటికీ సర్వాధికారి జస్టిన్. వారమంతా సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఆదివారం చర్చి నుంచి రాగానే విధినిర్ణేత అవుతాడు.

మొన్న దుర్గ కొత్తగా చేరింది. దమ్మపేట అవతల అడవి పల్లె పిల్ల, పామాయిల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం.

"మా నాయనమ్మ చిన్నక్క లెక్క ఆడత అన్నా," అంది. "గోదారి అవతల ఆమె చెల్లె ఉండేది. పోవాలె పోవాలె అనుకుంటనే సచ్చిపోయింది. ఈ ఆటలనన్న దాటిస్త."

జస్టిన్ పాత్రల గ్రంథం తిరగేశాడు. యోధుడు, మాంత్రికుడు, దొంగ, రాకుమారుడు ఉన్నారు. అడవి మనిషి లేదు. చివరికి శత్రు గ్రంథంలో దొరికింది, ఎలుగుబంటికీ ఒంటికన్ను రాక్షసుడికీ నడుమ. ప్రాణబిందువులు ఎనిమిది. చంపితే దొరికేవి: తేనె, ఇప్పపువ్వు. భాష: లేదు.

"భాష లేదా? మరి ఇప్పుడు నేను మాట్లాడేది ఏంది?"

"అది నీకున్నది దుర్గా. నీ పాత్రకు లేదు."

"ఎలుగుబంటికి ఎన్ని ప్రాణాలు?"

"ముప్పై నాలుగు."

దొంగ పాత్ర వేసే నాకు ఆ లెక్క విని ఒళ్లు మండింది. యోధురాలి పాత్ర వేసే బ్లెస్సీ మాత్రం మెల్లగా అడిగింది: "పుస్తకంల తప్పు పడ్డదేమో అన్నా?"

"పుస్తకం తప్పని పుస్తకంల యాడా లేదు," అన్నాడు జస్టిన్.

సంఘం అత్యవసరంగా చర్చించింది. (చర్చలో దుర్గకు ఓటు లేదు. ఓటు పాత్రలకే గాని శత్రువులకు ఉండదు.) చివరికి దయతో ఒక సడలింపు ఇచ్చారు. చిన్నక్క 'తాత్కాలిక మిత్రశత్రువు' హోదాలో మాకు గోదారి దాకా దారి చూపవచ్చు. మాట్లాడకూడదు, సైగ చేయవచ్చు.

దుర్గ వేలు చూపింది, మేం నడిచాం. ఊబి తప్పించింది. ఎలుగుబంటి తిరిగే చోటు విడిచి చుట్టూ తిప్పింది. నా దొంగ రెండుసార్లు చావవలసింది, రెండుసార్లూ చిన్నక్కే చెయ్యి పట్టి లాగింది. చీకటి పడకముందే గోదారి ఒడ్డు, ఒడ్డున పడవ. దుర్గ ముఖం చూడాలి అప్పుడు. చిన్నక్క పడవ ఎక్కుతోందని సైగ చేసింది.

జస్టిన్ పేజీ తిప్పాడు. "దారి సూపుడు అయిపోయింది. సడలింపు గూడ అయిపోయినట్టే."

అంటే చిన్నక్క మళ్లీ శత్రువు. ఎదురుపడ్డ శత్రువును వదిలిపెడితే నిబంధన ఒప్పుకోదు. మాంత్రికుడి పాత్ర వేసే గణేష్ పాచిక అందుకుని, "ఏమనుకోకు దుర్గా, రూల్ కదా," అంటూ నిప్పు మంత్రం వేశాడు. ఎనిమిది బిందువులు ఎంతసేపు నిలుస్తాయి?

"ఇంకొక్క అడుగే కదన్నా ఉన్నది," అంది దుర్గ. అప్పటికే మావాళ్లు చిన్నక్క తేనె పంచుకుంటున్నారు.

శత్రు సంహారానికి గణేష్‌కు అనుభవ బిందువులు వచ్చాయి. వాటితో ఆయన 'అడవి పరిజ్ఞానం, మొదటి స్థాయి' సంపాదించాడు. అడవి గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఇకపై ఆయన్నే అడగాలని సంఘం తీర్మానించింది. ఈ నిబంధన దుర్గకూ వర్తిస్తుంది.