ముప్పై సెంటీమీటర్ల సందు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పెట్టె గోడవైపు ఒకటిన్నర సెంటీమీటరు జరిగి ఉంది. ముందు రోజు అదే వేళకు పెట్టెకూ గోడకూ మధ్య సందు ముప్పై సెంటీమీటర్లు. ఇప్పుడు ఇరవై ఎనిమిదిన్నర.

కొలిచింది మామగారు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. బజారులో ఆయన్ని మిల్లీమీటరు అనేవారు. ఇప్పటికీ చొక్కా జేబులో ఆఫీసు ముద్ర ఉన్న ఉక్కు స్కేలు, ఒక నోటుబుక్కు ఉంటాయి. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని వేరు. వెనక గది తలుపు నాలుగు రోజులుగా కింద ఒరుసుకుంటోంది, దానికి చిత్రిక పట్టాలి. పెరట్లో సందు కొలవడం రోజూ పళ్లు తోముకున్నాక చేసేదే. కొలిచారు. మళ్లీ కొలిచారు. చిత్రిక కింద పెట్టి అల్లుడికి ఫోన్ చేశారు.

పెట్టె అంటే హీట్ పంపు బయటి యూనిట్. నడుమెత్తు ఉంటుంది, ముందు ఫ్యాను, బరువు తొంభై కిలోలు. బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి గొట్టంలో ఇంట్లోకి పంపుతుంది. చలి ముదిరితే దాని ఒంటిమీద మంచు కడుతుంది. అప్పుడు ఫ్యాను ఆగుతుంది. లోపల ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడవుతుంది. తెల్లటి ఆవిరి మనిషెత్తు లేచి, పెరట్లో కాసేపు నిలబడి, పోతుంది. కింద గొట్టంలోంచి నీళ్లు కారతాయి. ఫ్యాను మళ్లీ మొదలవుతుంది.

వెనక గదిలో ఉండే అత్తగారి మోకాళ్ల కోసం దాన్ని పెట్టించారు. బిగించింది అల్లుడు. సొంతంగా లైసెన్సు తీసుకున్నాక అదే అతని మొదటి పని. మొదటి ఏడాదిలో ఒక్క ఫిర్యాదు రుజువైనా లైసెన్సు రద్దు చేస్తారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మామగారికి నిబంధన నంబరుతో సహా తెలుసు.

అల్లుడు ఎనిమిదికి వచ్చాడు.

"మావయ్యగారూ, బోల్టులు నాలుగూ బిగువుగానే ఉన్నాయండీ. ఇది కదలడానికి వీల్లేదు."

"అయితే నా స్కేలు అబద్ధమాడుతోందంటారా, అల్లుడుగారూ?"

"అబ్బే, స్కేలును నేనేమంటానండీ!"

"అనండి. ముద్ర చూసి మరీ అనండి."

అల్లుడు ముద్ర చూశాడు. కొత్త రంధ్రాలు వేసి, పెట్టెను ప్రహరీ వైపు జరిపి, ముప్పైకి తెచ్చి బిగించాడు. మామగారు కొలిచి రాసుకున్నారు. తర్వాత తలుపుకు చిత్రిక పట్టారు.

ఆరో రోజు సందు ఇరవై ఎనిమిది.

మామగారు ప్రహరీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అవతల పక్కింటాయన మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు.

"మా పెరట్లోకి ఎవరైనా దిగుతున్నారేమో, మీకేమైనా కనిపించిందా?"

"ఎవరైనా అంటే నేనేనా మాస్టారూ?"

"నేను ఎవరి పేరూ ఎత్తలేదు."

"ఎత్తక్కర్లేదు, చూపు చాలు. తొంభై కిలోల పెట్టెను అర బెత్తెడు కూడా కాదు, రెండు సెంటీమీటర్లు తోయడానికి నేను గోడ దూకాలా? నా నడుం సంగతి మీకు తెలీదూ? దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టుంది!"

ఆ మధ్యాహ్నమే పక్కింటాయన తన మేడమీది కిటికీకి కెమెరా బిగించాడు. మామగారి పెరడు మొత్తం అందులో పడుతుంది. "పొద్దున్న ఆరునుంచి సాయంత్రం ఆరుదాకా రికార్డవుతుంది. తర్వాత నా మీద పడకండి," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. "మేమూ మొన్న బుధవారం మీ పెట్టెలాంటిదే పెట్టించుకున్నాం. నీళ్లు తోవలో గడ్డకట్టి జారుతున్నామని ఇంట్లో ఒకటే గొడవ. గొట్టం ప్రహరీ మొదట్లోకి తిప్పించేశా. పేచీ వదిలింది."

"మంచి పని. నేనూ అదే చేయించా," అన్నారు మామగారు.

వెనక గదిలో అత్తగారి సంగతులు వేరుగా ఉన్నాయి. గోడమీద కూతురి పెళ్లి ఫొటోను రోజూ పొద్దున సరిచేస్తున్నారు. మర్నాటికి అది మళ్లీ ఓ పక్కకి ఒరుగుతోంది. గడియారం లోలకం ఒకవైపే కొట్టుకుని ఆగిపోయింది. ఒడిలోంచి ఊలు ఉండ జారితే మంచం కిందికి పోవడంలేదు, కిటికీ దాకా దొర్లి అక్కడే ఆగుతోంది. ప్రతిసారీ కిటికీ అవతల పెట్టె ఉంది.

"ఏమండీ, నిన్నటికంటే ఇవాళ దాని ముఖం కిటికీలో పెద్దగా కనిపిస్తోంది," అన్నారావిడ.

"అదే కదా నేను మొత్తుకునేది."

"చలికి తట్టుకోలేక వస్తోందేమో పాపం. ఊళ్లో వేడంతా మనకిచ్చి, అది బయట నిలబడుతుంది."

ఆమె కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లి, దాని మీద ఉన్ని దుప్పటి కప్పి, కొసలు చుట్టూ దోపి వచ్చారు. ఇరవై నిమిషాలకు గాలి అందక పెట్టె ఆగిపోయింది. ఇల్లు చల్లబడింది. అల్లుడు మళ్లీ వచ్చాడు.

"అత్తయ్యగారూ, దీని మీద ఏమీ కప్పకూడదండీ."

"నువ్వు స్వెట్టరు వేసుకున్నావు కదా బాబూ?"

అల్లుడు దుప్పటి మడిచి ఆమెకిచ్చాడు. ఆ తర్వాత మామగారి వైపు తిరిగి, ఈసారి కదిలితే తన పేరు మార్చుకుంటానన్నాడు. మూడడుగుల లోతు తవ్వి కాంక్రీటు దిమ్మ పోశాడు. దిమ్మలో ఇనుప చట్రం నాటాడు. చట్రానికి పెట్టెను ఎనిమిది బోల్టులతో బిగించాడు. సందు సరిగ్గా ముప్పై. మామగారు దిమ్మ అంచు వెంబడి నేలమీద తెల్ల పెయింటుతో గీత గీసి, తేదీ వేశారు.

తొమ్మిదో రోజు సందు ఇరవై ఏడు.

ఆ రోజు మామగారు ఫోన్ చేయలేదు. కాగితాలు తీసుకుని బల్ల ముందు కూర్చున్నారు. తలుపుకు మూడోసారి చిత్రిక పట్టడం కూడా మానుకున్నారు. కూతురు వచ్చేసరికి లైసెన్సుల ఆఫీసుకు ఫిర్యాదు నాలుగు పేజీలైంది.

"నాన్నా, ఆయన లైసెన్సు పోతుంది."

"కొలత కొలతేనమ్మా. కిరాణా కొట్టువాడికి ఒక న్యాయం, అల్లుడికి ఒక న్యాయం ఉండదు."

"పెట్టె నడిచొస్తోందని రాస్తే నవ్వుతారు."

"నడిచొస్తోందని రాయలేదు. సందు తగ్గుతోందని రాశాను. కాళ్లున్నాయో లేవో వాళ్లు తేలుస్తారు."

"అమ్మా, నువ్వైనా చెప్పవే!"

"మీ నాన్న పెళ్లిచూపుల్లో నా జడ కొలిచిన మనిషే," అన్నారు అత్తగారు.

ఫిర్యాదు ఆ సాయంత్రమే పోస్టులో పడింది. అయిదో రోజు ఉదయం పదకొండుకు ఆ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో సంచి. అల్లుడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పనిముట్ల పెట్టె తెచ్చుకోలేదు, లైసెన్సు కాగితం మాత్రం తెచ్చుకున్నాడు. అప్పటికి సందు ఇరవై ఆరు.

"పీకించేయండి మేడం," అన్నారు మామగారు. "అదీ నా విన్నపం. చివరి పేజీలో ఉంది."

ఇంజనీరు బోల్టులు ఒక్కొక్కటీ తట్టి చూసింది. కెమెరా ఉందని తెలిసి, ముందు అది చూద్దామంది. అందరూ పక్కింటికి వెళ్లారు. అత్తగారు కూడా కర్ర పట్టుకుని వచ్చారు.

దిమ్మ పోసిన మర్నాటి నుంచి ఉన్న వీడియోను పక్కింటాయన వేగంగా నడిపించాడు. తెరమీద పెట్టె నిలబడి ఉంది. ఆవిరి లేచింది, నిలబడింది, పోయింది. మళ్లీ లేచింది. రోజు మారింది. పెట్టె దగ్గరికి ఎవరూ రాలేదు. పొద్దున ఏడూ పదికి మాత్రం మామగారు వచ్చి, వంగి, కొలిచి, వెళ్లిపోతున్నారు. పద్నాలుగు రోజుల్లో పద్నాలుగుసార్లు.

"చూశారా? వెంట్రుకవాసి కదిలిందా?" అన్నాడు పక్కింటాయన.

"మరి సందెందుకు తగ్గుతోంది?" అన్నారు మామగారు.

అత్తగారు ముందుకు వంగి తెరమీద వేలు పెట్టారు.

"అది మీరు గీసిన గీతలోనే ఉందండీ. వస్తోంది మన గోడ."

పక్కింటాయన వీడియోను వెనక్కి లాగాడు, ముందుకు లాగాడు. గోడ వెనక్కి వెళ్లింది, ముందుకు వచ్చింది, ఊపిరి తీస్తున్నట్టు. కిటికీ కూడా దానితోపాటే వచ్చింది. పెట్టె కదలలేదు.

"గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, కాళ్లుంటాయని వినలేదు మాస్టారూ," అన్నాడు పక్కింటాయన.

తిరిగి వచ్చాక ఇంజనీరు సంచిలోంచి రసమట్టం తీసి పెట్టె మీద పెట్టింది. బుడగ నడిమధ్యకు వచ్చి ఆగింది. వెనక గదిలో నేలమీద పెట్టింది. బుడగ ఒక చివరికి పరుగెత్తింది. బీరువా జరపమంది. వెనక గదిని ఇల్లు కట్టిన చాలా ఏళ్లకు, వేరే పునాది మీద కట్టి ఇంటికి కలిపారు. బీరువా వెనక, ఆ గది ఇంటిని అంటుకునే చోట, నేల నుంచి కప్పు దాకా చీలిక ఉంది. అందులోంచి చలిగాలి వస్తోంది. మామగారు స్కేలు తీసి కొలిచారు. ఏడున్నర సెంటీమీటర్లు. నోటుబుక్కులో మూడుసార్లు తగ్గినవి కూడారు. ఒకటిన్నర, రెండు, నాలుగు. ఏడున్నర.

"ఇన్నాళ్లూ గోడ నుంచే కొలిచారా సార్? అవతల ప్రహరీ నుంచి ఒక్కసారైనా కొలవలేదా?" అని అడిగింది ఇంజనీరు.

"గోడ ప్రమాణం మేడం. ప్రమాణాన్ని ఎవరూ కొలవరు."

ఇంజనీరు గోడ మొదట్లో గొంతుక్కూచుని మట్టిలో వేలు దింపింది. వేలు మొత్తం దిగింది. పెట్టె నుంచి నీళ్ల గొట్టం వచ్చి సరిగ్గా అక్కడ ఆగింది. పునాది కింది మట్టి నానిపోయిందని, అందుకే గది పెరట్లోకి జారుతోందని చెప్పింది.

"ఈ గొట్టం ఇటు ఎవరు పెట్టారు?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. తర్వాత నేలవైపు చూశాడు. "బిగించిన వాణ్ని నేనేనండీ," అన్నాడు.

"అయితే ఇది మీ మీదికే వస్తుంది."

కూతురు నోరు తెరవబోయింది. మామగారు చెయ్యెత్తి ఆపారు.

"ఒక్క నిమిషం. నా దగ్గర రికార్డుంది. ఎప్పుడు ఏం జరిగిందో తేదీ, టైముతో సహా చదువుతాను." నోటుబుక్కు మొదటి పేజీ తిప్పి, ఆఫీసులో చదివే గొంతుతో మొదలుపెట్టారు. "ఆరో తేదీ, మధ్యాహ్నం రెండు. యూనిట్ బిగింపు పూర్తి. సందు ముప్పై. నీళ్ల గొట్టం తోవ పక్క కాలువలోకి. పదో తేదీ, ఉదయం పది నలభై. నీళ్లు తోవలో గడ్డకట్టి నేను జారినందున..."

అక్కడ ఆగారు. పెరట్లో పెట్టె నిట్టూర్చింది. ఆవిరి కిటికీ దాకా వచ్చింది. నోటుబుక్కు మూయలేదు. ఇంజనీరుకు అందించారు.

ఆమె మిగతాది పైకే చదివింది. "అల్లుడు వద్దని రెండుసార్లు చెప్పినా వినక, ఇల్లు నాదని చెప్పి, గొట్టం గోడ మొదట్లోకి తిప్పించాను." తలెత్తింది. "కింద సంతకం ఉంది. ఇది మీదేనా సార్?"

"నాదే. కొలత కొలతే."

నివేదిక మూడు రోజులకు వచ్చింది. బిగింపులో లోపం లేదని, లైసెన్సు మీద చర్య ఏమీ లేదని రాశారు. గొట్టాన్ని వెంటనే కాలువలోకి తిప్పాలి. వెనక గదిలో ఎవరూ ఉండకూడదు. పునాది బాగుచేసేదాకా గోడకూ ఇనుప చట్రానికీ మధ్య రెండు దూలాలు అడ్డం బిగించి, గోడను దాని మీద ఆపాలి. యూనిట్‌ను పీకించాలన్న విన్నపాన్ని తిరస్కరించారు. వెనక గది వైపు నిటారుగా ఉన్నది అదొక్కటేనని కారణం రాశారు.

దూలాలు అల్లుడే బిగించాడు. గోడ ఆగింది. అత్తగారు, మామగారు బట్టలు సర్దుకుని అల్లుడి రెండు గదుల ఇంటికి వెళ్లారు. దారిలో అత్తగారు, ఇల్లరికం అల్లుణ్ని చూశాను గానీ ఇల్లరికం మామను ఇప్పుడే చూస్తున్నానన్నారు. మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అల్లుడు బండి నెమ్మదిగా నడిపాడు.

రోజూ కొలిచి రాయమని, ఈసారి రెండువైపులా కొలవమని నివేదిక చివర ఉంది. మామగారు ప్రతి ఉదయం బస్సెక్కి ఆ పెరటికి వెళ్తున్నారు. మొదటి పన్నెండు రోజులూ గోడకూ పెట్టెకూ మధ్య ఇరవై ఆరు, పెట్టెకూ ప్రహరీకీ మధ్య తొంభై. ఏ రోజూ మార్పు లేదు.

పదమూడో రోజు చలి ఎక్కువగా ఉంది. ఆయన వంగి కొలుస్తుంటే ప్రహరీ అవతల పక్కింటాయన పెట్టె నిట్టూర్చింది. ఆవిరి గోడమీదుగా ఇటు వచ్చింది. టైము ఏడు గంటల పది నిమిషాలు. మొదటి కొలత ఇరవై ఆరు. రెండోది ఎనభై ఎనిమిదిన్నర.