ఇరవై దేశాలకు కారుతున్న ఇల్లు

"నేను కాదు అంటే నేను కాదు," అన్నారు అత్తగారు మూడోసారి. "నా ఫోను పొద్దుటినుంచీ బల్లమీద బోర్లా పడుకునే ఉంది. కావాలంటే ముట్టుకుని చూడు, చల్లగా ఉంటుంది."

కొడుకు నిజంగానే ముట్టుకుని చూశాడు. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్లుగా ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నవాడు, తల్లి మాటనైనా సరిచూసుకోకుండా నమ్మలేడు. ఫోను చల్లగానే ఉంది. దాంతో అనుమానం కూతురి వైపు తిరిగింది.

"నావైపు చూడకు నాన్నా. పది రోజులుగా కాలేజీ పాఠాలు కూడా బొమ్మ లేకుండా వింటున్నాను. మా లెక్చరర్ మొహం ఎలా ఉంటుందో మర్చిపోయాను."

"మరి నెట్టంతా ఎవరు తింటున్నారే?"

ఈ ప్రశ్న ఆ ఇంట్లో పది రోజులుగా నడుస్తోంది. ఇన్‌స్పెక్టరు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించాడు. రెండు గంటలకోసారి నెట్ వేగం కొలిచి అందులో రాస్తాడు, పక్కన పొట్టి సంతకం పెడతాడు. "వంద ఇస్తానన్నవాడు మూడున్నర ఇస్తున్నాడు. అంటే కిలోకి ముప్పై అయిదు గ్రాములు. నా ముందు ఇలా తూచి ఏ కొట్టువాడైనా బతికి బట్టకట్టాడా?"

అతని భార్య ఈ మాటలేవీ వినడం లేదు. ముందుగదిలో బల్లమీద అరమీటరు తెల్లగుడ్డను రెండోసారి ఇస్త్రీ చేస్తోంది. ఆమె కుట్టు టీచరు. పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పిన బడిలో నాలుగు నెలల క్రితం కుట్టు తరగతి ఎత్తేశారు. అప్పటినుంచీ పొద్దున్నే అలవాటుగా తయారై, వెళ్లే చోటు లేక, సంచీ ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని లేస్తోంది. ఇవాళ పదకొండు గంటలకు ఒక ఆన్‌లైన్ శిక్షణ సంస్థవాళ్లు ఆమె పాఠం చూస్తారు. చొక్కా కాలరు కత్తిరించడం అరగంటలో నేర్పి చూపించాలి. నచ్చితే సోమవారం నుంచే ఉద్యోగం. వాళ్లు పంపిన ఉత్తరంలో చివరి వాక్యం ఆమెకు కంఠతా వచ్చేసింది: పాఠం మధ్యలో లైను తెగితే ఆ అభ్యర్థిని మళ్లీ పిలవం.

నిన్న సాయంత్రం కూతురి స్నేహితురాలికి పాఠం చెప్పి చూసింది. కత్తెర ఎత్తిన చోట బొమ్మ ఆగిపోయి ఏడు నిమిషాలు అలాగే ఉండిపోయింది. "ఆంటీ, మీరు నన్ను పొడవడానికొస్తున్నట్టున్నారు," అంది ఆ పిల్ల.

"టైమెంతయిందండీ?"

"తొమ్మిదింబావు. ఇందాక అడిగినప్పుడు తొమ్మిదీ పన్నెండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. భార్య పాఠం కోసమే అతను సగం రోజు సెలవు పెట్టాడు. ఆ సాయం ఎలా చెయ్యాలో మాత్రం అతనికి ఇంకా తోచలేదు.

వెనకగదిలోంచి పెద్దాయన, అతని తండ్రి, టీ గ్లాసుతో వచ్చారు. నీటి సరఫరా శాఖలో వాల్వులు తిప్పే పనిలో చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. లోకంలో ప్రతిదీ ఆయనకు గొట్టంలో పోయే నీళ్లలాగే కనిపిస్తుంది.

"కంపెనీవాణ్ణి తిట్టకురా. మన లైనుకి ఎవడో మోటారు పెట్టుంటాడు. మా రోజుల్లో ఎవడైనా కుళాయికి మోటారు బిగించి లాగాడంటే, వాడింటికి పోయే వాల్వు సగానికి తిప్పేసేవాణ్ణి. లబోదిబోమని వచ్చేవాడు. ముందు మీ ఇల్లు చూసుకోండి అని పంపేసేవాణ్ణి. నెట్టువాడు చేసిందీ అదే. నేనైనా అదే చేస్తాను."

"మీరేమైనా వాడుతున్నారా నాన్నా?"

"నేనా? నాకెందుకురా నెట్టు? నేనేం వాడతాను?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. కాబట్టి ఆ విచారణ అక్కడితో ముగిసింది.

ఆ ఇంట్లో ఫోను సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర మాత్రమే దొరుకుతుంది. అదీ తల కొంచెం బయటికి పెడితే, మాటలకు సరిపడా. ఇన్‌స్పెక్టరు తల బయటికి పెట్టి కంపెనీకి ఫోను చేశాడు. ఇరవై నిమిషాలు సంగీతం విన్నాక ఒకమ్మాయి పలికింది.

"సార్, మీ లైన్లోంచి పగలూ రాత్రీ ఫైళ్లు బయటికి పోతున్నాయండీ. ఆ రకం పంపకం మితిమీరితే మా సిస్టం దానంతటదే వేగం తగ్గించేస్తుంది."

"బయటికి పోవడమేంటమ్మా? ఎక్కడికి?"

"చాలా చోట్లకి సార్. ఇక్కడ ఇరవై దేశాలు కనిపిస్తున్నాయి. మీరది ఆపేస్తే గంటలో మళ్లీ..."

సిగ్నలు పోయింది. ఇన్‌స్పెక్టరు తల లోపలికి తీసుకున్నాడు. ఆ మొహం చూసి కూతురు కుర్చీ జరిపింది.

"ఎవడో లోపలికి దూరాడు," అన్నాడు అతను. "మన ఫైళ్లన్నీ ఇరవై దేశాలకు పోతున్నాయట."

"ఏ ఫైళ్లురా?" అన్నారు అత్తగారు.

"అన్నీనమ్మా. కంప్యూటర్లో, ఫోన్లలో ఏముంటే అవి. రాసినవీ, మాట్లాడినవీ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరికి వారు తమ ఫోను తడుముకున్నారు.

మొదట కిటికీ చేరుకున్నది అత్తగారు. ఆవిడ ఫోన్లో చెల్లెలికి పంపిన మాటలు గంటల కొద్దీ ఉన్నాయి. వాటిలో చాలా భాగం తోటికోడలి గురించే. ఆ తోటికోడలికే ఫోను చేశారు. "ఏమే, నేనే. నా గొంతుతో నీకేమైనా వస్తే నమ్మకు, దొంగలు పంపుతున్నారట. ఏముంటాయంటే... నీ మోకాళ్ల నొప్పి నాటకమని ఉంటుంది. నీ చేతి వంట గురించి కూడా కొంచెం ఉంటుంది. నేనెందుకంటానే అలాగ? ఎప్పుడన్నానంటే, పోయిన నెల మీ ఇంటినుంచి వచ్చాక..." అక్కడ ఆవిడ ఆగి, ఫోను వైపు చూసి, పెట్టేశారు.

తర్వాత ఇన్‌స్పెక్టరు. ఆఫీసరు మధ్యాహ్నాలు గది తలుపేసుకుని నిద్రపోతాడని పైవాళ్లకు రాసిన అర్జీ ఒకటి మూడేళ్లుగా అతని కంప్యూటర్లో ఉంది. పంపే ధైర్యం ఎప్పుడూ రాలేదు. "సార్, నా పేరుతో పైకి అర్జీ ఏదైనా వెళితే అది నేను పంపింది కాదు సార్. లేదు సార్, రాసింది నేనే. పంపలేదు. మీ గురించే సార్. పదకొండు పేజీలు సార్."

కూతురు కూడా వెళ్లి ఎవరితోనో గుసగుసగా, "అది కవిత కాదు, ఊరికే రాసుకున్నాను," అని చెప్పి, ఎర్రబడిన మొహంతో తిరిగొచ్చింది. అవతలి కుర్రాడికి అప్పటిదాకా కవిత సంగతే తెలియదు.

"ఏమండీ," అంది టీచరు గుమ్మంలోంచి. మెడలో కొలత టేపు వేలాడుతోంది. "నా కత్తిరింపు నమూనాలు ఎవరు ఎత్తుకుపోయినా నాకు బెంగలేదు. పదింబావయింది. పదకొండుకి నాకు నెట్టు ఉంటుందా, ఉండదా? అది చెప్పండి చాలు."

"ఉంటుంది. ముందు దొంగని బయటికి తోసి తలుపేస్తాను. పాస్‌వర్డు మార్చేస్తే సరి."

మార్చాడు. ఇరవై నాలుగు అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి, ఏ దొంగా ఊహించలేనిది తయారుచేశాడు. కాగితం మీద రాస్తే అదీ ఎవడి కంటైనా పడుతుందని రాసుకోలేదు. మార్చిన మరుక్షణం ఇంట్లో ఫోన్లన్నీ, టీచరు ల్యాప్‌టాప్‌తో సహా, నెట్టునుంచి ఊడిపోయాయి. సరిగ్గా అప్పుడే కిటికీలో పెట్టిన ఫోను మోగింది. ఆఫీసరు. అర్జీలో ఏడో పేజీలో ఏముందో చదివి వినిపించమన్నాడు. ఇన్‌స్పెక్టరు చెమటలు తుడుచుకుంటూ జ్ఞాపకమున్నంతలో చెప్పి వచ్చేసరికి పాస్‌వర్డు మనసులోంచి జారిపోయింది.

"చివర్న అంకె ముందా, గుర్తు ముందా?" అన్నాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని.

"మమ్మల్నడుగుతావేంట్రా?" అన్నారు అత్తగారు.

తొమ్మిదిసార్లు కొట్టాడు. తొమ్మిదిసార్లూ తప్పు. గడియారం పదీ నలభై ఎనిమిది. టీచరు ఏడవలేదు. మెడలోని టేపు తీసి చుట్టచుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. "పోనీలెండి," అంది. ఆ మాట అంత మెల్లగా వచ్చేసరికి ఇన్‌స్పెక్టరుకు భయం వేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మా," అంది కూతురు. "తాతగదిలో పాత కంప్యూటరుకి నెట్టు తీగతో కదా వచ్చేది. దానికి పాస్‌వర్డుతో పనిలేదు."

అందరూ వెనకగదికి పరుగెత్తారు. మూలన కంప్యూటరు దుప్పటి కప్పుకుని ఉంది. టీచరు దుప్పటి లాగి చెయ్యి వేసిందో లేదో వెనక్కి తీసుకుంది. పెట్టె కాలిపోతోంది. లోపల ఫ్యాను ఆయాసపడుతోంది. తెర మీద పచ్చటి గీతలు వరసలు వరసలుగా పాకుతున్నాయి.

"తాతా, ఇది ఇంకా నడుస్తోందా?" అంది మనవరాలు.

"నువ్వే కదమ్మా పెట్టిచ్చావు, పంపుల పుస్తకాల కోసం."

నాలుగు నెలల కిందటి మాట అది. పాత పంపుల, వాల్వుల నక్షాలున్న నాలుగొందల పుస్తకాలు, అచ్చు ఆగిపోయి, హక్కులు కూడా ఎప్పుడో తీరిపోయినవి. వాటిని ఒక్కచోటి నుంచి కాకుండా, ఎవరెవరి దగ్గరున్నాయో వాళ్లందరి కంప్యూటర్ల నుంచీ ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవాలి. మన దగ్గరికొచ్చిన ముక్కల్ని అడిగినవాళ్లకు మనమూ పంపాలి. పుస్తకాలన్నీ వచ్చాక కట్టేయొచ్చని మనవరాలు చెప్పింది. పెద్దాయన కట్టేయలేదు. మొదట్లో అడిగేవాళ్లు పదిమందే. ఈమధ్య జనం పెరిగారు.

"కట్టేస్తే అడిగేవాళ్లు ఏమవుతారు? ముక్కూ మొహం తెలియనివాళ్లు నాకిచ్చారు. నేను తీసుకుని తలుపేసుకోనా?"

"నాన్నా, పొద్దున అడిగితే నెట్టు వాడట్లేదన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వాడట్లేదురా. ఇస్తున్నాను. ఇవ్వడం వాడకమెలా అవుతుంది?"

పెద్దాయన తెర వైపు వంగి చూశారు.

"అమ్మడూ, మనం పంపేదానికీ గొట్టం అదేనా?"

"అదే తాతా."

"ఇప్పుడెంతమంది లాగుతున్నారు?"

"ఆరువందల పదకొండు మంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "అయితే మోటారు మనింట్లోనే ఉందన్నమాట," అని, మనవరాలు చూపించిన చోట తనే నొక్కి ఆపారు. పచ్చగీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే కళ్లు పక్కకి తిప్పుకున్నారు.

"ఇరవై దేశాలకు సంతర్పణ," అన్నారు అత్తగారు. "ఇంట్లోవాళ్లకు మాత్రం పది రోజులుగా చుక్క లేదు. ఇప్పుడు మా తోటికోడలికి నేనేం చెప్పుకోను?"

పది యాభై ఆరు. ఆపాక గంటకు గానీ వేగం తిరిగి రాదు. పైగా ఆ కంప్యూటరుకు కెమెరా లేదు, ల్యాప్‌టాప్‌లో ఆ తీగ దూరే చోటు లేదు. కూతురు పరుగెత్తి తన చెవుల మైకు తెచ్చి అమ్మ తలకు తగిలించింది. తీగ పెట్టెలోకి దూరేచోట బిగింపు విరిగి ఉంది, కదిలితే ఊడొస్తుంది. పెద్దాయన నేలమీద కూర్చుని రెండు వేళ్లతో దాన్ని అదిమి పట్టుకున్నారు.

పదకొండింటికి ఒకావిడ గొంతు వినిపించింది. "మేడమ్, మీ బొమ్మ రావట్లేదు."

"రాదండీ. దీనికి కెమెరా లేదు."

"పోనీ లైనైనా బాగుందా?"

వెనకనుంచి ఇన్‌స్పెక్టరు బాగుందనమని చేతులూపుతున్నాడు. టీచరు అతన్ని చూడకుండా ఉండటానికి కళ్లు మూసుకుంది.

"బాగులేదండీ. మాట మటుకు వినిపిస్తుంది."

"మా షరతు చదివారు కదా?"

"చదివానండీ. తెగితే మళ్లీ పిలవం అన్నారు. తెగేదాకా చెబుతాను. మీ దగ్గర పాత కాగితం, కత్తెర ఉన్నాయా?"

"ఎందుకూ?"

"కాలరు మీరే కత్తిరించాలి. మీ చేతులు తప్ప నాకిక్కడ వేరే చేతులు లేవు."

కాగితం చప్పుడు వినిపించింది. టీచరు మొదలుపెట్టింది. బడిలో ఆమె తరగతికి నలభై మంది పిల్లలు, వెనక బెంచీలకు బోర్డు కనిపించేది కాదు. అందుకని పద్దెనిమిదేళ్లూ మాటతోనే కత్తిరించడం నేర్పింది. "కాగితం సగానికి మడవండి. మడత మీ ఎడమచేతి వైపు. ఇంట్లో ఏదైనా చొక్కా తీసి, దాని మెడ చుట్టూ దారం పెట్టి, దారాన్ని సగం చెయ్యండి. మడత నుంచి కుడికి అంత పొడవు. ఎత్తు నాలుగు వేళ్లు. కుడి చివర పై కొస ఒక వేలు బయటికి రావాలి. ఇప్పుడు కత్తెర. కత్తెర తిప్పకండి, కాగితం తిప్పండి. తొందరేం లేదు, తప్పుపోతే ఇంకో కాగితముంది."

గుమ్మంలో అత్తగారు స్విచ్చుకి అడ్డంగా నిలబడ్డారు, ఎవరి మోచెయ్యీ తగలకుండా. పెద్దాయన వేళ్లు తెల్లబడ్డాయి, తీగ వదల్లేదు.

అరగంటయ్యాక అవతల చడీచప్పుడు లేదు.

"మేడమ్? లైను తెగిందా?" అంది టీచరు.

"లేదండీ. మావారి చొక్కా మీద పెట్టి చూస్తున్నాను." మళ్లీ ఆగి, "సరిపోయింది," అంది ఆవిడ. "మీకు ముందు తొమ్మిదిమందిని చూశాం. బొమ్మలు అద్దంలా వచ్చాయి. వాళ్లు కత్తిరించారు, నేను చూశాను. నా చేత ఎవరూ కత్తిరింపించలేదు. మా దగ్గర చేరేవాళ్లలో సగంమందికి బొమ్మ ఆడేంత నెట్టు ఉండదండీ. సోమవారం నుంచి రాగలరా? ఇలాగే, బొమ్మ లేకుండా."

"వస్తానండీ," అంది టీచరు. మైకు తీసి బల్లమీద పెట్టి, ఇక తీగ వదలమని మామగారికి సైగ చేసింది.

పన్నెండు దాటాక ఇన్‌స్పెక్టరు వేగం కొలిచాడు. తొంభై ఎనిమిది. సంతకం పెట్టి, ఆఫీసుకు బయల్దేరాల్సినవాడు మిగతా సగం రోజుకూ సెలవడగబోయి, అడగకముందే ఆఫీసరు ఇచ్చేసినందుకు ఇంకా భయపడ్డాడు. ఈలోగా టీచరు వంటింటి కిటికీలోంచి కంపెనీతో తనే మాట్లాడి, వాళ్లు చెప్పిన బొత్తాము నొక్కి, భర్త మర్చిపోయిన పాస్‌వర్డు చెరిపేసి, నెట్టు పెట్టెను మొదటినుంచీ సరిచేసుకుంది.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక, మంచినీళ్లు పోస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. "సోమవారం నుంచి పదకొండు మొదలు ఒంటిగంట దాకా వెనకగది నాది. ఆ టైములో ఇంట్లో ఎవరూ నెట్టు ముట్టుకోరు. మామయ్యగారూ, మీ పుస్తకాలు ఆపొద్దు. నా పాఠం అయ్యాక తెరుచుకోండి, ఎంత పంపాలో అమ్మాయి హద్దు పెడుతుంది. మిగతావాళ్ల వంతులు నేను రాసి పెడతాను."

పెద్దాయన తలూపారు. అత్తగారు ఏదో అనబోయి గ్లాసెత్తి నీళ్లు తాగారు. ఇన్‌స్పెక్టరు, "సరే," అన్నాడు.

కొత్త పాస్‌వర్డు ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.