పెద్దింటి కారు

"కారు కొనేటప్పుడు చూడవలసింది ఇంజను కాదు, ఇల్లు!"

ఈ మహావాక్యం రెండువేల రెండో సంవత్సరం మే నెలలో, హిందూపురంలో మా బావ ఉలిగప్పగారి వరండాలో, సాయంత్రం కాఫీ వేళ వెలువడింది. బావ ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. ఆయన నోరు తెరిస్తే మాట రాదు, ఉత్తర్వు వస్తుంది. అప్పుడు విన్నవాళ్లం ఇద్దరమే. ఒకరు ఆయన భార్య, అంటే మా అక్క పుష్ప. రెండోవాణ్ణి నేను, కిషోర్‌ని. బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ వాక్యం నాకేమీ అర్థం కాలేదు. బావ మాటలు అర్థం చేసుకోవడానికి కావు, తల ఊపడానికి. ఊపాను.

నిజానికి కారు అవసరం బావది కాదు, అక్కది. అక్క రొళ్ల అవతల ఒక పల్లెబడిలో టీచరు. పొద్దున హిందూపురంలో ఒక బస్సు ఎక్కాలి, మడకశిరలో ఇంకో బస్సు పట్టుకోవాలి. ఆ రెండు బస్సులూ ఒకదాని ముఖం ఒకటి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టున్నాయి. మొదటిది వచ్చేసరికి రెండోది వెళ్లిపోయి ఉంటుంది! ఆలస్యానికి అక్కకు మెమోలు వచ్చాయి. ఇంకో మెమో వస్తే జిల్లాకు ఆ చివరికి బదిలీ తప్పదని హెడ్మాస్టరు చెప్పేశాడు. ఆ బడిలో అఆలు దిద్దించిన పిల్లలను వదిలిపెట్టి, ఎక్కడో గది తీసుకుని ఒంటరిగా ఉండటం అక్కకు ప్రాణసంకటం. అందుకే వేసవి సెలవుల్లో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. పీఎఫ్ లోను పెట్టుకుంది. అంటే లోను అక్కది, లైసెన్సు అక్కది, మెమోలు అక్కవి. గౌరవం మాత్రం బావది.

ఆ పొద్దున నేనూ అక్కా పెనుకొండ రోడ్డులో పాతకార్లు అమ్మే సలీం దగ్గరకు పోయి వచ్చాం. పెద్ద షోరూమేమీ కాదు, రేకుల షెడ్డు. వెనకాల వాళ్ల నాయన ఇమాం సాబ్ బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. సలీం ఒక చిన్న తెల్లకారు చూపించాడు.

"ఇంజను బాగుండాదక్కా. ఈ డోరు మాత్రం వేరే బండిది, రంగు కలవలేదు. లారీ రాసుకున్యాది. ఎడమపక్క అద్దం దిగదు. వానొస్తే ఒక వైపరే ఆడతాది."

"అన్నీ నువ్వే చెప్పేస్తే ఎవరు కొంటారు సలీమూ?" అన్నాను.

"నేను చెప్పకపోతే రేపు మీ మెకానిక్కు వచ్చి చెప్తాడు. ఆయప్పకు టీ, బన్ను నేనే ఇప్పియ్యల్ల. ముందే చెప్పేస్తే ఆ ఖర్చన్నా మిగుల్తాది కదన్నా!" అన్నాడు.

బానెట్ ఎత్తి చూపించాడు. అక్క లేపాక్షి రోడ్డు మీద కొంతదూరం తోలి వచ్చింది. కారు దిగేటప్పుడు అక్క ముఖం వెలిగిపోతోంది. పెళ్లయినాక అక్కను అంత సంతోషంగా నేను చూడలేదు. నాకు భలే ఆనందమైంది.

ఆ ఆనందాన్ని బావ కాఫీతో పాటు తాగేశాడు.

"బ్రోకరు దగ్గరా! ఆ కారు పూర్వాపరాలేమి? ఏ ఇంట్లో తిరిగిందో, ఎవరెవరు ఎక్కినారో! రేపు ఆఫీసులో 'కారు యాడ కొన్నారు సార్' అంటే రేకుల షెడ్డులో అని చెప్పల్నా? పెద్దమనిషి ఇంట్లో కొంటే ఫలానావారి కారు అంటారు. కారు కొంటే కారొక్కటే వస్తాదనుకున్యావా? వాళ్ల మర్యాద కూడా వస్తాది!"

"నాకు బడికి పొయ్యే కారు కావల్ల. ఆఫీసులో చెప్పుకునే కారు కాదు" అంది అక్క.

"విషయం పరిశీలనలో ఉండాది" అన్నాడు బావ. ఇక ఆ ఇంట్లో ఆ విషయం మీద మాట్లాడే అధికారం ఎవరికీ లేదన్నమాట.

పరిశీలన ఫలించి ధర్మవరంలో ఒక పెద్దిల్లు దొరికింది. పోతులయ్యగారని, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. ఊళ్లో ఏ సభ పెట్టినా అధ్యక్షుల కుర్చీ ఆయనకే. ఆయన తన కారు ఇస్తారట. "అమ్ముతాడంటనా" అన్నందుకు బావ నన్ను కసిరాడు. పెద్దమనుషులు అమ్మరు, ఇస్తారు. మనం కొనం, స్వీకరిస్తాం. మధ్యలో డబ్బు చేతులు మారుతుంది గానీ, దాని గురించి ఎవరూ మాట్లాడకూడదు.

రాహుకాలం దాటాక బస్సెక్కాం. బావ ఇస్త్రీ పంచె కట్టాడు. అక్కతో పట్టుచీర కట్టించాడు. నా చేతికి పళ్లబుట్ట ఇచ్చాడు. బస్సులో ఒకాయన "పెండ్లిచూపులకా అప్పా?" అని అడిగాడు. "ఆఁ" అన్నాను. అబద్ధమేముంది?

పోతులయ్యగారు గుమ్మం దాకా ఎదురొచ్చారు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టింది. పెద్దలిద్దరూ మాట్లాడుకున్నారు. చుట్టాలు ఏ ఊళ్లో ఉన్నారు, ఇంటిదేవుడెవరు, మంగళవారం మాంసం తింటారా మానేస్తారా, అన్నీ తేలాయి. పెట్రోలు ఎంత తాగుతుందన్న మాట ఒక్కటే రాలేదు. కారు పందిరి కింద ఉంది. మీగడరంగు పెద్దకారు. బానెట్ మీద విభూతి రేఖలు, నడుమ కుంకుమబొట్టు, ముందర నిమ్మకాయల దండ. అద్దంలా మన ముఖం కనిపించేంత పాలిషు!

నేను మెల్లగా లేచి "బానెట్ ఒకసారి..." అన్నాను.

బావ నా చెయ్యి పట్టి లాగాడు. "రేయ్! ఉగ్గాని తిన్న ఇంట్లో మూతెత్తి చూస్తావంట్రా? మర్యాద తెలీదా?" అని చెవిలో బుస కొట్టాడు. కూర్చున్నాను. బానెట్ ఎత్తడానికి బజ్జీలకంటే ముందే లేవాల్సిందని అప్పుడు తెలిసింది.

అక్క ఊరుకోలేదు. "సార్, ఒకసారి తోలి చూడొచ్చునా?"

పోతులయ్యగారు బాధగా నవ్వారు. "ఎంతమాటమ్మా! కానీ ఈ పొద్దు శుక్రవారం. శుక్రవారం నాడు మా ఇంటి లక్ష్మిని గడప దాటించం."

బావ కళ్లు చెమర్చాయి. "విన్నావా పుష్పా? ఇల్లంటే ఇదీ!"

"మాకిది కారు కాదప్పా, పెద్దకొడుకు. మా చేతుల మీద పెరిగినాది" అన్నారు పోతులయ్యగారు. లక్ష్మీదేవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నిజం చెప్పొద్దూ, నాకూ గొంతు పట్టేసింది. మిరపకాయ వల్ల కావచ్చు.

బేరం లేదు. పెద్దకొడుకును బేరమాడతామా! అడిగినంతా తమలపాకుల్లో పెట్టి ఇచ్చేశాం. అక్క పీఎఫ్ మొత్తం ఆ తాంబూలంలోకి వెళ్లిపోయింది.

ఆదివారం కారు మా వీధిలోకి వచ్చింది. తెచ్చిన డ్రైవరు పెనుకొండ దగ్గర కాసేపు ఆపాల్సి వచ్చిందనీ, దానికది అలవాటేననీ చెప్పి గబగబా వెళ్లిపోయాడు. హారతి ఇచ్చారు, టెంకాయ కొట్టారు. వీధి వీధంతా వచ్చి చూసింది. "ధర్మవరం పోతులయ్యగారి కారు!" అని బావ అందరికీ చెప్పాడు. "ఎంత మంచి ఇల్లు!" అని అందరూ మెచ్చుకున్నారు. ఎట్లా నడుస్తుందని ఒక్క మనిషి అడగలేదు.

బళ్లు తెరిచిన రోజు అది మడకశిర దాకా బాగానే పోయింది. అక్కడ దగ్గింది, పొగ వదిలింది, నిలబడింది. అక్క శనక్కాయ పొట్టు ట్రాక్టరెక్కి బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. హెడ్మాస్టరు మంచివాడు కాబట్టి మెమో రాసి కూడా చేతికివ్వకుండా సొరుగులో పెట్టాడు. "ఇదే ఆఖరు మేడం. ఇంకోసారైతే పైకి పంపిస్తా" అన్నాడు. ఇంజను పూర్తిగా అయిపోయిందని మడకశిర మెకానిక్కు తేల్చి, కారును ట్రాక్టరు వెనక కట్టించి ఇంటికి పంపించాడు.

అక్క ఇంటికి వచ్చింది. చీర నిండా నూనె మరకలు. ఏడవలేదు. అరవలేదు. మా అక్కకు కోపమొస్తే మాట తగ్గుతుంది. బావను నాలుగు దులుపుదామనుకున్నాను గానీ, బావమరిదికి ఆ అధికారం ఏ రూల్సులోనూ లేదు.

బావ నా బూతుకు వచ్చి ధర్మవరానికి ఫోను కలపమన్నాడు. "అయ్యా, తమరు దయచేసిన కారు విషయమై..." అని మొదలుపెట్టాడు. అవతలి గొంతు నాకు కూడా వినిపించింది.

"మా ఇంట్లో ఉన్నన్నాళ్లు ఒక్క మాట అనిపించుకోలేదే! అల్లారుముద్దుగా పెంచి పంపినాం. ఆడ మీరెట్ల చూసుకుంటాండారో ఏమో!"

బావ బూతులోంచి తల వంచుకుని బయటికి వచ్చాడు. "మనమే సరిగా చూసుకోలేదేమో కిషోరూ" అన్నాడు!

"దీన్ని అమ్మేసి సలీం కారు తెచ్చుకుంటా" అంది అక్క ఆ రాత్రి. అమ్మడానికి బావ ఒప్పుకున్నాడు. సలీంకు ఇచ్చేయడానికి మాత్రం ససేమిరా అన్నాడు. పెద్దింటి కారు పెద్దింటికే పోవాలట. ఆ ఇల్లు దొరికేదాకా అక్క చీకటితోనే లేచి పాలవ్యాను, పూలవ్యాను, ఏది దొరికితే దానిలో బడికి పోయింది. రోజూ గండమే. వ్యాను పంచరైతే బదిలీ!

చివరకు అగళి నుంచి చింతపండు వ్యాపారి ఎర్రప్ప, ఆయన భార్య చౌడమ్మ కారు చూడటానికి వచ్చారు. చూడటానికంటే మమ్మల్ని చూడటానికి అనాలి. బావ అన్నీ సిద్ధం చేశాడు. విభూతి, నిమ్మకాయలు, ఉగ్గాని, బజ్జీలు. "నువ్వు మాట్లాడొద్దు. అవసరమైతే కండ్లు తుడుచుకో" అని అక్కకు ఆదేశాలు జారీ చేశాడు.

"బండి ఏం చూసేది సోమీ? మీ ఇల్లు చూస్తిమి, సాలు. దుడ్లు తెచ్చినాం" అన్నాడు ఎర్రప్ప బజ్జీ తుంచుతూ. తరువాత అక్క వైపు తిరిగాడు. "ఏం తల్లీ, బండి మీకేమన్నా కష్టమిచ్చినాదా?"

"ఇచ్చింది" అంది అక్క. "మొదటిరోజే దావలో నిలబడింది. పొగొస్తాది. ఇంజను అయిపోయిందని మెకానిక్కు చెప్పినాడు. మీరు తీసుకోవద్దండీ."

బావ బజ్జీల పళ్లెం ఎర్రప్ప ముందుకు ఇంకాస్త జరిపాడు. నేను వంటింటి గుమ్మం దాకా జరిగాను.

ఎర్రప్ప తన భార్య ముఖం చూశాడు. ఆమె ఈయన ముఖం చూసింది. ఎర్రప్ప బజ్జీ కింద పెట్టి, లేచి, రెండు చేతులూ జోడించాడు.

"ఇంట్లో వస్తువును ఇంత తగ్గించి చెప్పేవాళ్లను నేను యాడా చూడలేదు! ఎంత అణకువ తల్లీ నీది!"

"అణకువ కాదయ్యా, నిజం!"

"చూడు, మళ్లా అణకువే!" అని చౌడమ్మ మురిసిపోయింది.

అక్క విసురుగా పోయి బానెట్ ఎత్తింది. ఎర్రప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "మూసెయ్యమ్మా! మేం అట్లాంటోళ్లం కాదు."

"మెకానిక్కునన్నా పిలిపించి చూడండి."

"మమ్మల్ని అనుమానం మనుషులనుకుంటివా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇక అక్కకు ఒక్కటే దారి మిగిలింది. సగం ధర కన్నా ఎక్కువ తీసుకోనని మొండికేసింది. ఎర్రప్ప మొత్తం ఇస్తానని బతిమాలాడు. బావ కూడా కళ్లతోనే బతిమాలాడు. అక్క వినలేదు. ఆ సగం సలీం కారుకు సరిపోతుంది, ఆమెకు అది చాలు. ఇంత ఉదారమైన ఇల్లు ఈ మూడు మండలాల్లో లేదని చౌడమ్మ తేల్చింది.

కారు స్టార్టు కాలేదు. తాళం తిప్పి తిప్పి ఎర్రప్ప వేలు నొప్పి పుట్టింది.

"ఇల్లు విడిచి రాలేకపోతాంది పాపం!" అంది చౌడమ్మ. ఈసారి నిజంగానే కళ్లు తుడుచుకుంది.

వాళ్లు తాము వచ్చిన చింతపండు లారీకి తాడు కట్టి, పెద్దింటి కారును ఊరేగింపుగా లాక్కుపోయారు.

ఆ సాయంత్రమే అక్క సలీం షెడ్డుకు పోయింది. నేను వెంట పోయాను. బావ కూడా వచ్చాడు, ఎండ లేకపోయినా గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని. చిన్న తెల్లకారు ఇంకా అక్కడే ఉంది. రంగు కలవని డోరూ ఉంది. అక్క తాళం ఒక్కసారి తిప్పగానే అంటుకుంది. రేపు మొదటి బెల్లుకు తను బడిలో ఉంటానని అక్క గట్టిగా, అందరికీ వినపడేటట్టు చెప్పింది. చెప్పి ఒక చుట్టు తోలి వస్తానని రోడ్డు మీదకు పోయింది.

సలీం బావ దగ్గరకు వచ్చాడు. "సార్, మీ ఇంటి ముందర మీగడరంగు బండి ఒకటి చూసినా. ఏమైనాది?"

"ఇచ్చేసినాం" అన్నాడు బావ గంభీరంగా. "ధర్మవరం పోతులయ్యగారి కారు అది."

"తెలుసు సార్. పోయిన ఉగాదికి నేనే ఆయప్పకు అమ్మింటి. ఇంజను అయిపోయినాది, పార్టులకు తప్ప పనికిరాదని చెప్పే ఇచ్చినా. పాత ఇనుము ధరకు పట్టుకపోయినాడు. పాలిషు మాత్రం బాగా కొట్టించినాడు సార్!"

అంటే పెద్దకొడుకు పుట్టిల్లు ఈ రేకుల షెడ్డే! నేను బావ ముఖం వైపు చూశాను. ఇప్పుడు ధర్మవరం మీద పిడుగు పడుతుందనుకున్నాను. బావ గొడుగు కాస్త దించాడు. అటూ ఇటూ చూశాడు. సలీం చెవి దగ్గరకు వంగాడు.

"ఈ మాట యాడన్నా చెప్పినావా?"

సలీం హడలిపోయాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"యాడ చెప్తా సార్! పెద్దమనుషులతో యాపారం చేసినానని నలుగురికీ తెలిస్తే నా షెడ్డు పరువేం కావల్ల?"