దూరశ్వాస పథకానికి కొబ్బరికాయ కొట్టిన రోజు

"ఇక ఈ జిల్లాల ఏ పిల్లకూ ఆయాసం రాదు. వచ్చినా ముందుగాల ప్రభుత్వానికి ఫోన్ చేసే వస్తది!"

ఆరోగ్యమంత్రి గారు ఇట్లా ప్రకటించగానే రామన్నపేట సభ చప్పట్లతో దద్దరిల్లింది. పథకం పేరు దూరశ్వాస. బల్లమీద కొత్త ఎస్టీడీ ఫోను, దానికి బంతిపూల దండ. ఇక్కడ ఫోనెత్తితే పట్నంలో ఉబ్బసం స్పెషలిస్టు ఎత్తుతాడు, ఏ మందు ఎట్లా పీల్చాలో చెబుతాడు. దేశంలో ఇదే మొదటిదని కలెక్టర్ అన్నాడు. మంత్రిగారు వినయంగా 'ప్రపంచంలో' అని దిద్దారు.

మొదటి పేషెంటుగా గొర్లకాపరి ఇంటి హనుమమ్మ బిడ్డ, ఉబ్బసమున్న సత్తమ్మను ఎంపిక చేశారు. ఆరేండ్ల పిల్ల ఆ పొద్దు సుబ్బరంగా ఊపిరి పీలుస్తుండటంతో పార్టీ మనిషి ఐలేశానికి చెమటలు పట్టాయి.

"ఏందమ్మా, ఇయ్యాలనే మంచిగుండాల్నా? జర దగ్గమను!"

"నీ నోట్లె మన్నుబడ! నా బిడ్డ సల్లగుంటే నీకేం బాధరా?" అంది హనుమమ్మ.

ఇంతలో మంత్రిగారి గౌరవార్థం పదివేల పటాకుల దండ పేల్చారు. పొగ కమ్మింది. సత్తమ్మ డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి, పెదవులు నల్లబడ్డాయి. హనుమమ్మ బిడ్డను ఎత్తుకుని స్టేజీ ముందుకొచ్చింది.

"సారూ, బిడ్డకు ఊపిరాడ్తలేదు!"

"శభాష్! ఫొటో తియ్యండయ్యా!" అంటూ మంత్రిగారు ఫోనెత్తారు. అవతల అటెండరు పలికాడు.

"డాక్టర్ సార్ లేడు. రామన్నపేట మీటింగుల సన్మానానికి పోయిండు."

అందరూ స్టేజీ వైపు చూశారు. మూడో కుర్చీలో, శాలువాలో, డాక్టరుగారు ఉన్నారు.

"ఈడనే ఉన్నవా నాయినా! జర సూడు, నీ కాల్మొక్త!" హనుమమ్మ ఉరికింది. డాక్టరు సంచీ పట్టుకుని లేవబోయాడు. మంత్రిగారు చెయ్యి పట్టి ఆపారు.

"ఏందయ్యా! నువ్వే దగ్గరకు పోయి చూస్తే పథకం పరువేంగావాలె?"

కలెక్టరుకు ఒక ఉపాయం తోచింది. "మా జీపిస్తాను సార్. డాక్టరుగారు పట్నం పోయి ఫోన్ ఎత్తుతారు. రెండు గంటల దారే."

"అదీ పరిపాలనంటే!"

డాక్టరు, శాలువా, మందుల సంచీ జీపెక్కాయి. జనం చప్పట్లు కొట్టారు. హనుమమ్మ బిడ్డను భుజానేసుకుని ఆ దుమ్ములో జీపు వెంట ఉరికింది. ఐలేశం అడ్డం తిరిగి రెక్క పట్టుకున్నాడు.

"గటెటు పోతున్నవమ్మా? ఇప్పుడు ఫోన్ల ఎవ్వలు మాట్లాడాలె?"