ఓర్పయ్య మాస్టారి పేరు లేని చరిత్ర

ఒక పెద్ద అడవిలో, ఏ జాతి పిల్లయినా చేరగలిగిన హైస్కూలు ఒకటుండేది. సింహం దొరగారి సాయం పుచ్చుకునేది కాదు. ఏ మంద మాటా వినేది కాదు. రిజిస్టరులో జాతి అనే గడే లేదు.

దాన్ని పెట్టింది ఓర్పయ్య అనే గాడిద. వాగులో రాళ్లు వీపున మోసి గోడలు లేపి, ఆ పుళ్ల వీపుతోనే లెక్కలు చెప్పారు. సంగతి పెద్దలందరికీ తెలుసు. గాడిద గొప్ప మనకెందుకులే అని ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆయన దగ్గర పదో తరగతి గట్టెక్కిన మొదటి పిల్ల నిదానమ్మ అనే తాబేలు. ఇప్పుడు అక్కడే టీచరు. తను పోయేలోపు, కాలం చేసిన మాస్టారి పేరు అచ్చులో చూడాలని ఆవిడ కోరిక.

బడికి యాభై ఏళ్లు నిండాయి. కరస్పాండెంటు నక్కగారు చరిత్ర రాయమని నిదానమ్మకే చెప్పారు. ఆర్నెల్లకి మొదటి పేజీ నక్కగారి చేతికి వచ్చింది.

"ఏమ్మా టీచరుగారూ, గాడిద పెట్టిన బడి అని రాస్తే రేపు పిల్లల్నెవరు చేరుస్తారు?"

"పెట్టింది ఆయనే కదా బాబూ."

"కాదన్నానా? జరిగింది వేరు, చరిత్ర వేరు. 'ఒక మహానుభావుడు' అని రాయండి. ఎవరికి వాళ్లు మావాడే అనుకుని మురిసిపోతారు."

 ఉద్యోగం కదా, నిదానమ్మ ఆ పేరు కొట్టేసింది.

పుస్తకం వచ్చిన వారానికే ఎలుగుబంట్లు డప్పులతో దిగాయి. అన్ని రాళ్లు మోశాడంటే ఎలుగే అయ్యుండాలన్నాయి. "మోస్తే సరా? పాఠానికి కంఠం ఉండొద్దూ?" అన్నాయి నెమళ్లు. గడ్డి తిని బతికాడని రాశారు గనక మావాడేనన్నాయి మేకలు. తెలిసిన ముసలివాళ్లు కూడా అచ్చులో లేదు గనక గాడిదని మరిచిపోయారు.

అందరినీ మంచి చేసుకుందామని నక్కగారు మూడు విగ్రహాలు పెట్టించారు. మొదటి దండ ఎవరికన్న దగ్గర కొమ్ములూ గోళ్లూ కలబడ్డాయి. మర్నాటికి ఎవరి విగ్రహాన్ని వాళ్లు, ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుపోయి మూడు బళ్లు పెట్టుకున్నారు. మూడింటి మీదా ఒకటే బోర్డు: 'ఇచ్చట జాతి భేదం లేదు'.

నక్కగారు ఖాళీ బెంచీల మధ్య తల పట్టుకున్నారు. "టీచరుగారూ, పోనీ ఆ గాడిద పేరే వేసేద్దాం."

"ఇప్పుడు చదవడానికెవరున్నారు నాయనా?" అని నిదానమ్మ నల్లబల్ల దగ్గరికి నడిచి, అందినంత ఎత్తులో మాస్టారి పేరు రాసుకుంది.

నీతి: అందరి బడి పదికాలాలు నిలవాలంటే, దాన్ని పెట్టినవాణ్ణి మావాడని ఎవరూ చెప్పుకోకూడదు.