పడవ ఒడ్డు చేరేదాకా

ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మరదలు వస్తుంది. ఆమెతో వెళ్ళి, వాళ్ళు ఖాళీ చేస్తున్న ఇంటి మూడో అంతస్తు నుంచి ఇనప బీరువా దింపాలి.

"ఇంకా గంటుంది కదా, ఒక్కసారి పడవెక్కి వచ్చేస్తా," అంటూ వాచీలు బాగుచేసే ఆయన హెడ్‌సెట్ కళ్ళకు తగిలించుకుని పడక్కుర్చీలో వాలాడు.

ఆ ఆట పేరు నీలిరేవు. ఊదారంగు నీళ్ళు, వాటి మీద తేలే దీపాలు, తెడ్డు వేయకుండానే కదిలే పడవ. అందులో గెలుపోటములు లేవు. అలా సాగిపోవడమే.

పదింటికి మరదలు వచ్చింది. బావ పలకలేదు, ఉలకలేదు. భార్య హెడ్‌సెట్ లాగేయబోయింది.

"అక్కా, ముట్టుకోకు! ప్రాణం పోతుంది!"

మరదలు ఆ ఆటకు వీరాభిమాని. అభిమానుల పేజీలో నిన్నటి నుంచి మారుమోగుతున్న అనుమానాన్ని ఫోన్లో చూసి చదివింది. పడవ నది మధ్యలో ఉండగా హెడ్‌సెట్ తీస్తే మనిషి ఊపిరి అక్కడే ఉండిపోతుందట. పన్నెండింటికి రేవు గంట మోగితేనే ఒడ్డట.

"పిచ్చి రాతలు," అంది భార్య. కానీ చెయ్యి ఆగింది. ఆవిడ లిఫ్టు మెకానిక్. రెండంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు తలుపు తెరవకూడదని పదిహేనేళ్ళుగా జనానికి చెబుతున్నది ఆవిడే.

లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండాలన్నది ఆ వృత్తిలో రెండో నియమం. ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఏమండీ, కంగారు పడకండి. మేం బయటే ఉన్నాం. లోపల ఎంతమందున్నారు?"

అలవాటు.

మరదలు పేజీలో సలహా అడిగింది. కాళ్ళు నీళ్ళలో పెడితే పడవ నిలకడగా ఉంటుందని ఒకరు రాశారు. టబ్బు వచ్చింది. గాలి ఒడ్డువైపు వీచాలని ఇంకొకరు. అక్కాచెల్లెళ్ళు దుప్పటి చెరో కొస పట్టుకుని ఊపసాగారు. తెరలు లేచాయి, టబ్బులో నీళ్ళు అలలాడాయి. కాసేపటికి గది కూడా ఎటో సాగిపోతున్నట్టే ఉంది.

వీళ్ళను తీసుకెళ్ళడానికి కింద లారీ ఆపుకుని విసిగిపోయిన తోడల్లుడు పైకొచ్చి సంగతి విని కూలబడ్డాడు.

"అన్నయ్యా! బీరువా నేనే మోసుకుంటా, మీరు తిరిగొస్తే చాలు!"

హెడ్‌సెట్ కింద పెదవులు సన్నగా నవ్వాయి.

భార్య దుప్పటి వదిలేసింది. ఏ మరమ్మతుకైనా ముందు కరెంటు చూడాలి. చూసింది. వైరు ఊడి నేలమీద పడి ఉంది. హెడ్‌సెట్ దీపం ఎప్పుడో ఆరిపోయింది.

"ఈ అనుమానం మొదట రాసిందెవరే?"

"ఎవరో 'పదిహేడు రాళ్ళు' అట అక్కా."

పాత వాచీల్లో ఉండే ఆ పదిహేడు రాళ్ళ గొప్పను ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ భోజనం దగ్గర వింటూనే ఉంది. పన్నెండంటే సామానంతా లారీ ఎక్కేసే వేళని కూడా ఆవిడకు తెలుసు.

ఫోన్ తీసుకుని ఏదో రాసింది. కాసేపాగి గట్టిగా చదివింది.

"గంట కోసం ఆగితే ప్రమాదమటే! హెడ్‌సెట్ తియ్యకుండా మూడంతస్తులు బరువు మోస్తేనే పడవ తేలికై ఒడ్డు చేరుతుందట. అప్పుడే నూట ఇరవై మంది అవునన్నారు."

"ఎవరు రాశారక్కా?"

"ఎవరో 'ఆగిన లిఫ్టు' అట. ఏమండీ, లేస్తారా? మెట్టు మెట్టుకీ నేను చెబుతాలెండి."

పెదవుల మీది నవ్వు మాయమైంది. చాలాసేపటికి నది మధ్యలోంచి రెండు చేతులు మెల్లగా పైకి లేచాయి.

సాయంత్రానికి ఆ విరుగుడును నాలుగు వేల మంది నమ్మారు. అది పనిచేస్తుందని నడుముతో రుజువు చేసినవాడు మాత్రం ఒక్కడే.